గులాబీ మొహం నాగవేణి

పొద్దున్నే బట్టలు ఆరెయ్యడానికి ఇప్పుడు నేను ఇంటి వెనక్కి వెళుతున్నాను. అక్కడ ఎండ రాదు. సాయంత్రానికి కూడా లుంగీలు చెమ్మగానే ఉంటున్నాయని మా ఆయన సంజీవరావు గారు ఒకసారి అన్నారు, నా మొహం చూసి మళ్ళీ అనలేదు. ముందు బాల్కనీలో కావలసినంత ఎండ. కానీ అక్కడ నిలబడితే ఎదురుగా నాగవేణి వాళ్ళ బాల్కనీ కనిపిస్తుంది.

భవానీపురంలో మా సందు ఎంత ఇరుకంటే, మా ఇంట్లో మిరపకాయలు వేయిస్తే ఎదురింట్లో తుమ్ముతారు. సందుకు అటు మేడ మీద నాగవేణి, ఇటు మేడ మీద నేను. నేను నోట్లో క్లిప్పులు పెట్టుకుని దుప్పటి దులుపుతున్న వేళకు ఆమె బయటికొచ్చేది. బట్టల కొట్టు ముందు నిలబెట్టే బొమ్మలా ఒక చెయ్యి నడుము మీద పెట్టుకుని, చుట్టూ ఒకసారి తిరిగేది.

"ఈషా, ఎట్టా ఉంది?"

నోట్లో క్లిప్పులు ఉన్నాయి కనక తల ఊపడమే నా జవాబు. నిలువుగా ఊపితే గాల్లో ముద్దు విసిరేది. అడ్డంగా ఊపితే చరచరా లోపలికి వెళ్ళి, అదే చీరతో, కళ్ళజోడు మాత్రం మార్చుకుని వచ్చేది. "ఇప్పుడో?" అనేది. ఇంక నిలువుగా ఊపక చస్తానా?

నా పేరు ఈషా కాదు, చౌడేశ్వరమ్మ. ఆ పేరుతో పిలిస్తే తనకు కూడా వయసు పెరిగినట్టు ఉంటుందని నాగవేణి దాన్ని అటూ ఇటూ కత్తిరించి ఈషా చేసింది. మా ఆయన్ని కూడా 'సంజూ గారూ' అందామని చూసింది. ఆయన పలకలేదు.

నాగవేణి పోయాక ఆమె మొహం మీద పెద్ద గొడవ జరిగింది. ఆమెను లోకం ఏ మొహంతో గుర్తుపెట్టుకోవాలన్నదే ఆ గొడవ. గొడవ అంటే అరుచుకోవడం కాదు. అరిచింది ఒక్కరే. రెండో పక్షం నేను. నేను అరవను.

నాగవేణి పుట్టింది పెడనలో, మగ్గాల ఇంట్లో. మాదీ మగ్గాల ఇల్లే కాబట్టి ఆ బతుకు నాకు ఎవరూ చెప్పక్కర్లేదు. మగ్గం మీద నెమలికంఠం రంగు చీర సాగుతుంటుంది, దాని కింద గుంటలో కాళ్ళు ఆడించే నాన్నకి మాసిన బనీను. ఇంటినిండా రంగు నూలు, ఇంట్లో వాళ్ళ ఒంటి మీద వెలిసిపోయిన బట్టలు. అందరు ఆడపిల్లలూ అలాగే పెరిగి, అలాగే ఊరుకున్నారు. నాగవేణి ఊరుకోలేదు. చిన్నప్పుడు నాన్న చూడకుండా ఎర్ర నూలు పోగు తెంపి తడిపి పెదాలకు రుద్దుకునేదట. ఆ రంగు ఉతికితే పోదు, మొహం కడిగితే పోతుందా? అలా నోరంతా ఎర్రగా బడికి వెళ్ళి, పంతులుగారితో దెబ్బలు తిని, ఆ ఎర్రమూతితోనే తిరిగొచ్చిందట.

"దెబ్బలు పోయినయ్యి, రంగు మాత్రం ఆదివారం దాకా ఉంది ఈషా," అని గొప్పగా చెప్పేది.

పెళ్ళి దుర్గాశంకర్ తో జరిగింది. వన్ టౌన్ లో హోల్ సేల్ బట్టల కొట్టులో గుడ్డ కొలిచే ఉద్యోగం. మంచివాడు. ఎంత మంచివాడంటే తన మనసులో ఏముందో తనకే చెప్పుకోడు. పెళ్ళానికి నచ్చింది తనకు నచ్చుతుంది. అక్క మల్లీశ్వరికి నచ్చింది ఇంకా బాగా నచ్చుతుంది. ఇద్దరికీ పడని చోట ఆయనకు తలనొప్పి వచ్చి పడుకుంటాడు. పిల్లలు లేరు. ఆ మాట ఎవరైనా ఎత్తితే నాగవేణి కళ్ళజోడు పెట్టుకునేది. ఇంట్లో ఉన్నా సరే, చీకటి పడ్డా సరే.

ఆ ఖాళీ సమయమంతా ఆమె ఫ్యాషన్ కి ఇచ్చింది. జుట్టు మెడ దాకా కత్తిరించి, ఉడికిన బీట్ రూట్ రంగు వేయించింది. ఒక్కో గోరుకి ఒక్కో రంగు. కూరగాయల బజారుకి ఎత్తు చెప్పులు. మడమ కాలవలో కూరుకుపోతే నేను గోంగూర సంచీ పక్కన పెట్టి పీకేదాన్ని. వయసు అడిగితే ఏటా అదే చెప్పేది, కాబట్టి లెక్కలో తప్పు పట్టడానికి లేదు. నేను పెట్టిన మాగాయ సీసాలో పోసి, కొనడానికి వచ్చిన ఆడవాళ్ళకు రుచి చూపించి, "మా అమ్మ పద్ధతండీ" అనేది. వాళ్ళమ్మకి చింతకాయ తొక్కు తప్ప ఏదీ రాదు.

కొనడానికి రావడం అంటే చీరలు. ముందుగదిలో కుర్చీ వేసుకుని, ఫోను ఎదురుగా నిలబెట్టి, "హాయ్ అక్కలూ, చెల్లెళ్ళూ" అని మొదలుపెట్టేది. ఒక్కో చీర భుజాన వేసుకుని చూపించేది. ఉయ్యూరు, గుడివాడ, బందరు, ఎక్కడెక్కడి ఆడవాళ్ళో చూసేవాళ్ళు. సగం మంది చీరల కోసం, సగం మంది ఈవిడ ఇవాళ ఏం వేషం వేసిందో అని.

ఆమె వేషాలు తీసేసే రోజు ఒకటుండేది. హనుమాన్ జంక్షన్ నుంచి ఆడపడుచు మల్లీశ్వరి గారు వచ్చే రోజు. ఆవిడ వాళ్ళాయనకి హైవే మీద లారీ టైర్ల కొట్టు ఉంది. ఇంట్లో కూడా ఆవిడ హారను కొట్టుకుంటూనే తిరుగుతారు. ఆవిడ వస్తున్నారంటే నాగవేణి గోళ్ళ రంగు గీకేసి, రూపాయి బిళ్ళంత బొట్టు పెట్టుకుని, కురచ జుట్టుకి సవరం తగిలించి జడ వేసుకునేది. ఒకసారి వంగి వడ్డిస్తుంటే ఆ సవరం ఊడి సాంబారు గిన్నె అంచున పడింది. దుర్గాశంకర్ కి వెంటనే తలనొప్పి వచ్చింది. మల్లీశ్వరి గారు "నాకు ఇవాళ మజ్జిగ చాలు" అన్నారు.

ఇంక ఆ గొడవకు కారణమైన బొమ్మ సంగతి.

ఫోనులో ఎక్కడో ఫారిన్ వాళ్ళ బొమ్మ ఒకటి చూసింది. మొహం ఒక రంగు, జుట్టు ఒక రంగు, మధ్యలో నీడలూ వంపులూ ఏమీ లేకుండా, సినిమా పోస్టరుకి దీపావళి టపాకాయల డబ్బాకి పుట్టినట్టు ఉంది. "దీన్ని పాప్ ఆర్ట్ అంటారు ఈషా. నాదీ ఇట్టా వేయించుకుంటా," అంది.

"ఎందుకే?"

"ఎందుకేంటి? గోడకి కొట్టుకోడానికి. మీ ఆయన గోడకి దేవుడి క్యాలెండరు కొట్టుకోట్లా?"

కాయితం మీద వద్దట, గుడ్డ మీద కావాలట. సొంత ఊరు పెడనలోనే దుప్పట్ల మీద అచ్చులు వేసే శౌరయ్య ఉన్నాడు కదా అని నన్ను వెంటబెట్టుకుని బందరు బస్సెక్కింది. ఉయ్యూరు దగ్గర చెరుకు లారీలు అడ్డం పడి బస్సు ఆగింది. ఆగినంతసేపూ ఊరుకుని, సరిగ్గా బస్సు కదిలి గతుకులో పడ్డప్పుడు లిప్ స్టిక్ తీసింది. ఎర్రరంగు పెదవి దాటి బుగ్గ మీదకి పోయింది. తుడవబోతే చెయ్యి కొట్టేసింది. "ఉంచు, స్టైలు," అంది.

శౌరయ్య షెడ్డులో పొడుగాటి బల్ల మీద తెల్లగుడ్డ పరిచి ఉంది. చెక్క చట్రానికి సన్నటి జాలీగుడ్డ బిగించి, రంగు దిగాల్సిన చోటు మాత్రం వదిలి మిగతాదంతా మూసేస్తారు. ఆ చట్రాన్ని గుడ్డ మీద పెట్టి, రంగు పోసి, రబ్బరు బద్దతో ఒక్క లాగు లాగితే బొమ్మ దిగుతుంది. రంగుకొక చట్రం. అన్నీ ఒకదాని మీద ఒకటి సరిగ్గా కూర్చోవాలి. శౌరయ్య అంతవరకూ నెమళ్ళు, ఏనుగులు, తామరపూలు తప్ప వేయలేదు. నాగవేణి చేతిలో డిజైను చూసి కాసేపు తల గోక్కున్నాడు.

"అమ్మాయ్, మొహానికి గులాబీ రంగేంటి? మనిషి రంగు వేద్దాం."

"మనిషి రంగేదో చెప్పు బాబాయ్. నువ్వొక రంగు, నేనొక రంగు, మా ఈషా ఇంకో రంగు. గులాబీ అయితే ఎవరితోటీ పేచీ లేదు."

"జుట్టు పసుపంట!"

"మా పిన్ని తెల్లజుట్టుకి నల్లరంగు వేసుకుంటే ఎవడన్నా అడుగుతున్నాడా?"

"పోనీ, కళ్ళజోడు లేని ఫొటో ఇవ్వమ్మా. కళ్ళు లేకపోతే మొహమెట్టా అవుద్ది?"

"కళ్ళజోడు తీస్తే నీకు అక్కడ ఏడుపే కనపడుద్ది బాబాయ్. ఏడుపు గుడ్డ ఎవరు కొంటారు? నువ్వు వెయ్యి."

నవ్వుతూనే అంది. శౌరయ్య కూడా నవ్వి, మధ్యాహ్నం దాకా కూర్చుని చట్రాలు తయారు చేసుకుని, "మరియమ్మ తల్లీ, నీ దయ" అని రబ్బరు బద్ద అందుకున్నాడు. ముందు గులాబీ, దాని మీద పసుపు, తర్వాత కళ్ళజోడుకి నీలం, గీతలకి నలుపు. చివరికి పెదాల ఎరుపు. ఆ చివరి చట్రం ఒక్క పిసరు జరిగింది. ఎరుపు పెదవిలో కూర్చోకుండా ఎడమ బుగ్గ మీదకి పోయింది. శౌరయ్య నాలిక్కరుచుకుని "మళ్ళీ కొత్తగుడ్డ మీద వేస్తానమ్మా" అన్నాడు. నాగవేణి బుగ్గ మీద ఇంకా ఆ బస్సు గతుకు అలాగే ఉంది. ఆమె బొమ్మకేసి చూసింది, నాకేసి చూసింది. "బాబాయ్, నన్నెప్పుడు చూశావయ్యా ఇంత బాగా!" అంది.

ఆ గుడ్డను ముందుగదిలో కుర్చీ వెనక వేలాడదీసింది. నిలువెత్తు ఉంటుంది. దాని ముందు కూర్చుని "హాయ్ అక్కలూ" అంటే ఇద్దరు నాగవేణులు అన్నట్టుండేది. ఊళ్ళమ్మట ఆమె పేరు 'గులాబీ మొహం మేడమ్' అయిపోయింది. ఒకావిడైతే "చీరలు సరే, ఆ వెనక దుప్పటి ఎంతండీ?" అని అడిగింది. నాగవేణి వారం రోజులు ఆవిడ మీద అలిగింది.

మాఘమాసంలో ఒక పొద్దున నేను దుప్పటి దులిపి, ఆరేసి, క్లిప్పులు కూడా పెట్టేశాను. ఆమె బయటికి రాలేదు. దుర్గాశంకర్ వచ్చాడు. ఆయన బాల్కనీలోకి రావడం నేను అంతకుముందు చూడలేదు. నిద్రలోనే పోయిందన్నారు, గుండె అన్నారు.

మల్లీశ్వరి గారు కారు దిగుతూనే అన్న మాట ఇది: "ముత్తైదువుగా పోయింది. అదృష్టవంతురాలు." వచ్చినవాళ్ళందరూ ఆ మాటే అందుకున్నారు. అదృష్టం, అదృష్టం. ఒక్కొక్కరూ ఈర్ష్య పడుతున్నట్టే మాట్లాడారు గానీ, ఆ అదృష్టం మీరు తీసుకుంటారా అంటే ఒక్కరూ చెయ్యి చాపేలా లేరు. పసుపు రాసి, పెద్దబొట్టు పెట్టి, ఎర్రచీర కప్పి పంపారు. గోళ్ళ రంగు గీకడానికి ఎవరికీ తీరిక దొరకలేదు. ఆ పది రంగులూ ఆమెతో వెళ్ళాయి.

వదినకి మైల, తోడికోడలికి మైల, ఎప్పుడూ మొహం చూడని జ్ఞాతులకు కూడా మైల. స్నేహితురాలికి ఏమీ లేదు. స్నానం చేసి ఇంట్లోకి వచ్చి, ఆ పూట నేను దోసకాయ పప్పు వండాను. మా ఆయన తిన్నారు.

పెద్దకర్మ ఏర్పాట్లకని మల్లీశ్వరి గారు ఇల్లు సర్దడం మొదలుపెట్టారు. నేను సాయానికి వెళ్ళాను. ఆవిడ ముందుగదిలోకి వచ్చి, నడుం మీద చేతులు పెట్టుకుని, ఆ బొమ్మను పైనుంచి కిందకి చూశారు.

"ఏంటండీ ఇది, దెయ్యం పట్టినట్టు? పది మందీ వచ్చే ఇల్లు. ముత్తైదువ పోయిన ఇంట్లో పచ్చజుట్టేంటి, మూతి మీద ఆ నెత్తురేంటి? తమ్ముడూ, పీకెయ్యరా."

దుర్గాశంకర్ స్టూలెక్కి పీకేశాడు. ఆవిడ దాన్ని నాలుగు మడతలు వేసి నా చేతిలో పెట్టారు. "మంచి నూలుగుడ్డ. మీకు ఇల్లు తుడుచుకోడానికి పనికొస్తది, తీసుకెళ్ళండి."

"అమ్మా, దీన్నే పెడితే బాగుంటుందేమోనండీ," అన్నాను. "వచ్చేవాళ్ళకు ఈ మొహమే తెలుసు."

ఆవిడ నవ్వారు. "చౌడేశ్వరమ్మ గారూ, మీరు వంట చూడండమ్మా. ఇవన్నీ పెద్దింటి మర్యాదలు. నలుగురూ చూసి దండం పెట్టాల్సిన పటం ఇది. దీన్ని చూసి దండం పెడతారా, దిష్టి తీయించుకుంటారా?"

దుర్గాశంకర్ వంక చూశాను. ఆయన నొసలు నొక్కుకుంటున్నాడు.

నేను గుడ్డ తీసుకుని ఇంటికొచ్చాను. మర్నాడు ఫ్లెక్సీ షాపు ఎక్కడో చూపించమని ఆవిడే మళ్ళీ నన్ను పిలిచారు. సెంటర్లో గోపీనాథ్ అనే కుర్రాడిది. వాడు కంప్యూటరు ముందు కూర్చుని నాగవేణి ఫోనులో ఫొటోలన్నీ చూశాడు. కళ్ళజోడు లేని నాగవేణి ఒక్కటంటే ఒక్కటి దొరకలేదు. ఓటరు కార్డు ఇచ్చాం. అందులో మనిషి ఉందని తెలుస్తోంది, ఎవరో తెలియడం లేదు.

"ముక్కు, గడ్డం ఇందులోంచి లాగుతానండీ," అన్నాడు గోపీనాథ్. "జుట్టు పొడుగు జడ పెట్టేద్దాం. బాడీ మా దగ్గర ఉంది. ఆకుపచ్చ పట్టుచీర బాడీ ఒకటి, ఎరుపు ఒకటి. ఎరుపు బాగా వెళుతోందండీ ఈ మధ్య. కాసులపేరుతో సహా వస్తది."

"ఎరుపే వెయ్యి. వడ్డాణం లేదా?"

"బాడీ నడుం దాకేనండీ."

"ఇటు ముక్కుపుడక, అటు బేసరి పెట్టు. బొట్టు పెద్దది చెయ్యి. ఇంకా పెద్దది."

"కళ్ళే లేవండీ. ఎవరియన్నా దగ్గరోళ్ళవి ఇస్తే సెట్ చేస్తా."

మల్లీశ్వరి గారు ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. కుర్చీ ముందుకు జరుపుకుని, కళ్ళు బాగా తెరిచి కూర్చున్నారు. "నావి తీసుకో. మా ఇంటి కోడలేగా, తప్పేముంది?"

వాడు ఫొటో తీశాడు. కాసేపట్లో తెర మీద నాగవేణి తయారైంది. అందులో నాగవేణిది గడ్డం ఒక్కటే అనుకుంటాను. కళ్ళు వచ్చాక మొహమంతా కళ్ళ వెంటే పోయింది. ఎర్రపట్టులో, కాసులపేరుతో, హారను కొట్టబోతున్నట్టు చూస్తున్న పెద్దావిడ ఒకరు తెర మీద కూర్చుని ఉన్నారు. పైన 'ముత్తైదువ, కీ.శే. శ్రీమతి లక్ష్మీ వెంకట నాగవేణమ్మ గారు' అని వేయించారు. ఆ పేరుతో ఆమెను బతికుండగా ఎవరూ పిలవలేదు. పిలిచినా పలికేది కాదు.

"ఎట్టా ఉంది?" అని మల్లీశ్వరి గారు నన్నడిగారు.

నా నోట్లో క్లిప్పులు లేవు. "వెళ్ళొస్తానండీ, పప్పు పొయ్యి మీద ఉంది," అని వచ్చేశాను. పొయ్యి మీద ఏమీ లేదు.

పెద్దకర్మ రోజున సందు మొదట్లో ఆ ఫ్లెక్సీ నిలబెట్టారు, పెద్దది. అదే బొమ్మకు అద్దం కట్టించి, దండ వేసి, ఇంటి ముందు షామియానాలో బల్ల మీద పెట్టారు. పక్కనే మల్లీశ్వరి గారు నిలబడి వచ్చేవాళ్ళను ఆహ్వానిస్తున్నారు. ఆవిడ కూడా ఎర్రపట్టే కట్టారు. కొత్తగా వచ్చినవాళ్ళు ముందు ఫ్లెక్సీ చూసి, తర్వాత దండ వేసిన పటం చూసి, తల తిప్పితే ఆ కళ్ళే ఎదురుగా "రండి రండి, ముందు టిఫిన్ చేయండి" అంటున్నాయి. బుడమేరు వైపు నుంచి వచ్చిన ఒక ముసలాయన రెండడుగులు వెనక్కి వేసి, పక్కవాడి చెయ్యి పట్టుకున్నాడు. "మరి పోయిందెవరయ్యా?" అన్నాడు మెల్లిగా. ఆ మాట విన్నవాళ్ళందరూ విననట్టు ఇడ్లీ తిన్నారు.

చుట్టాలు సరే, పటం ఏదైనా వాళ్ళకు దారి తెలుసు. ఇబ్బంది వచ్చింది ఫోనులో చీరలు కొనే పై ఊళ్ళ ఆడవాళ్ళకు. వాళ్ళకు సందు పేరు తప్ప ఇల్లు తెలియదు, ఫోనులో చూసిన మొహమే తెలుసు. ఉయ్యూరు నుంచి మణెమ్మ అని ఒకావిడ, బడిలో ఆయాగా చేస్తుంది, పని మానుకుని బస్సులో వచ్చింది. సందు మొదట్లో ఫ్లెక్సీ చూసింది. ఆ పేరు తెలియదు, ఆ మనిషి తెలియదు. ఇది కాదనుకుని ముందుకు పోయింది. పక్క వీధిలో ఇంకో షామియానా ఉంది. ఒకే రోజు రెండు పెద్దకర్మలు మాకు కొత్త కాదు. ఆవిడ అక్కడికి వెళ్ళి, పటం కూడా చూడకుండా కుర్చీలో కూర్చుని, కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. వాళ్ళు మర్యాదస్తులు, బంతిలో కూర్చోబెట్టి పులిహోర వడ్డించారు.

"ఏ తరపండీ మీరు?" అని అడిగారట.

"మేడమ్ తరపండీ. చీరలు కొనేదాన్ని. ఎంత సరదా మనిషండీ, పెదాలకి రంగేసుకుని, జుట్టు కత్తిరించుకుని..."

"పోయింది మా నాన్నండీ," అన్నాడట ఆ ఇంటాయన.

మణెమ్మ చెయ్యి కడుక్కుని, సిగ్గుతో చచ్చి, మా సందులోకి తిరిగొచ్చి, మా మెట్ల మీద కూలబడింది. నేను మంచినీళ్ళు ఇచ్చాను. సంగతంతా అక్కడే చెప్పింది. "మేడమ్ ఇల్లు దొరకలేదమ్మా. మాతో వచ్చిన ఇంకో నలుగురు బస్టాండు నుంచే వెనక్కి పోతామంటన్నారు. ఒక దండం పెట్టుకుని పోదామంటే మనిషే కనపడట్లేదు."

మనిషే కనపడట్లేదు.

నేను లేచి లోపలికి వెళ్ళాను. బీరువాలో మడత పెట్టి ఉన్న గుడ్డ తీశాను. ముందు బాల్కనీలోకి వెళ్ళి, రెయిలింగు మీదుగా సందులోకి విడిచి, అంచు పొడుగునా క్లిప్పులు పెట్టాను. అంతే. నేను చేసింది అదే. కేకలు వేయలేదు, ఎవరినీ పిలవలేదు.

గులాబీ మొహం, పసుపు జుట్టు, నీలం కళ్ళజోడు, పెదవి దాటిపోయిన ఎరుపు. మిట్టమధ్యాహ్నపు ఎండలో సందు మొత్తం మీద రంగంటే అదొక్కటే. మణెమ్మ మెట్ల మీది నుంచి లేచి తల ఎత్తి "అదిగో మా మేడమ్" అని పెద్దగా ఏడ్చింది. ఫోనులో మిగతావాళ్ళకు చెప్పింది. వాళ్ళు సందు చివరి నుంచే చూసి వచ్చారు. ఒకావిడ నల్ల కళ్ళజోడు పెట్టుకుని వచ్చింది. పుష్కరాలకు వచ్చినట్టు వరసగా నిలబడి, షామియానాలో పటానికి వీపు పెట్టి, మా బాల్కనీకి దండం పెట్టారు. చుట్టాల్లో కూడా కొందరు ఆకులోంచి లేచి వచ్చి చూశారు. "ఇదీ మన నాగవేణి," అంది వాళ్ళ పెద్దమ్మ ఒకావిడ. అన్నాక నాలిక్కరుచుకుంది.

దుర్గాశంకర్ పంచెతో, తడి గుండుతో షామియానా కింద కూర్చుని ఉన్నాడు. పొద్దుటి నుంచి బ్రహ్మగారు పెట్టమన్నప్పుడల్లా ఆ పటానికి దండం పెడుతూనే ఉన్నాడు, కంట్లో ఒక్క చుక్క లేదు. ఇప్పుడు తల ఎత్తి చూశాడు. ఆ పెదవి అంచు దగ్గర చూపు ఆగింది. అంతే, భోరుమన్నాడు. పెళ్ళాం కోసం ఏడవడానికి కూడా ఆయనకు అక్క వెనక్కి తిరిగి ఉన్న సమయం కావలసి వచ్చింది.

మల్లీశ్వరి గారు తిరిగారు. చూశారు. మా మెట్లెక్కి వచ్చారు. ఎక్కుతున్న చప్పుడు కింద ఇంటివాళ్ళకు కూడా వినపడింది.

"ఏంటండీ ఇది? పరువు తీద్దామనా? తియ్యండి ముందు!"

"ఆరేశానండీ," అన్నాను.

"ఏంటి ఆరేసేది?"

"ఇల్లు తుడుచుకోమని మీరే ఇచ్చారుగా. తుడిచే ముందు ఉతుక్కోవాలి కదండీ. ఉతికి ఆరేశాను. ఆరాక తీస్తాను."

ఆవిడ గుడ్డ అంచు పట్టుకుని చూశారు. పొడిగా కరకరలాడుతోంది. నాకేసి చూశారు. ఆ కళ్ళు నేను సందు మొదట్లో పొద్దుటి నుంచీ చూస్తూనే ఉన్నాను కనక నాకేమీ కొత్త అనిపించలేదు. మా ఆయన పేపరు పక్కన పెట్టి, "చల్లగా మజ్జిగ తాగుతారా అండీ?" అని అడిగారు. ఆవిడ తాగకుండా దిగి వెళ్ళిపోయారు. గుడ్డ మాత్రం నేను పొద్దుగూకేదాకా తీయలేదు. నూలుగుడ్డ, ఆరడానికి టైము పడుతుంది.

కార్యక్రమాలన్నీ అయ్యాక మల్లీశ్వరి గారు తమ్ముణ్ణి హనుమాన్ జంక్షన్ తీసుకెళ్ళారు. కొన్నాళ్ళు అక్కడ ఉంటే మనసు కుదుటపడుతుందట, టైర్ల కొట్టులో కూడా మనిషి కావాలట. వెళ్ళేముందు తాళంచెవి నాకే ఇచ్చారు. కోపం ఉన్నా ఎదురింటి వాళ్ళం మేమే కదా. పైగా నాతో పని చేయించుకోవడానికి ఆవిడ కోపం ఎప్పుడూ అడ్డం రాలేదు.

"ఇల్లు తుడిపించండి. తులసికి నీళ్ళు పొయ్యండి. పటం ముందుగదిలో కొట్టించాం. రోజూ దండ మార్చి, బొట్టు పెట్టి, దీపం పెట్టండి. పూలమ్మాయికి చెప్పాను, మీ గుమ్మంలో ఇస్తది. మానకూడదు. ఇంటికి మంచిది కాదు."

"అలాగేనండీ," అన్నాను.

దుర్గాశంకర్ కారెక్కబోతూ నా దగ్గరికి వచ్చి, "ఆ గుడ్డ..." అని ఆగాడు.

"భద్రంగానే ఉంది బాబూ. కావాలన్నప్పుడు అడగండి."

ఆయన కారు వైపు ఒకసారి చూసి తల ఊపాడు. అడుగుతాడని నాకు నమ్మకం లేదు. అడిగితే మాత్రం ఆ రోజే ఇస్తాను.

చెప్పిన పనులు చేసే మనిషిని నేను. తలుపు తీస్తాను, కిటికీలు తెరుస్తాను, ఊడ్చి తడిగుడ్డ పెడతాను, తులసికి నీళ్ళు పోస్తాను. ముందుగదిలో ఆ కుర్చీ వెనక, ఆ మేకులకే, ఎర్రపట్టు కట్టిన పెద్దావిడ ఒకరు వేలాడుతున్నారు. ఆవిడెవరో నాకు తెలియదు. ఆ బాడీని నేను భవానీపురంలోనే ఇంకో ఫ్లెక్సీ మీద చూశాను, అక్కడ వేరే తలతో పెళ్ళిరోజు శుభాకాంక్షలు అందుకుంటోంది. కళ్ళ సొంతదారు జంక్షన్లో భోజనం చేసి హాయిగా ఉన్నారు. బతికున్న కళ్ళకు దీపం పెట్టడం కూడా ఇంటికి మంచిది కాదు.

నిన్న ఆవిడ ఫోను చేశారు. "దండ మారుస్తున్నారా?"

"ఇల్లు శుభ్రంగా ఉందండీ," అన్నాను.

"పూలమ్మాయి తెస్తోందా?"

"తెస్తోందండీ."

పూలమ్మాయి ఇవాళ కూడా తెచ్చింది. చామంతులు, మధ్యలో మరువం. ఆకులో చుట్టి, దారం కట్టి ఇచ్చిన పొట్లం అలాగే ఎదురింటి గుమ్మం లోపల పెట్టాను. నిన్నటిదీ అక్కడే ఉంది, మొన్నటిదీ. గది తుడిచాను, పొట్లాల చుట్టూ తుడిచాను, తాళం వేసి వచ్చేశాను.